వకుళ పేరు గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవులు అబ్బాయికీ, కోడలికీ ఆశీస్సులు.

పాపకు వకుళ, వైనతేయ అని రెండు పేర్లు అనుకున్నామనీ, ఎక్కడా వినబడని పేరు కావాలనీ రాశారు. మంచిదే. మన కోనసీమ బడుల్లో సత్యవతులూ సూర్యనారాయణలూ ఎంతమంది ఉండేవారంటే, ఇంటిపేరు చేర్చకుండా పిలిస్తే నలుగురు పలికేవారు. ఇప్పుడు ‘ఇక’తో ముగిసే పేర్లదీ అదే దారి. ఎవరికీ లేదనుకుని పెట్టినవే వీధివీధినా వినబడుతున్నాయి.

వైనతేయ వద్దు. పి.గన్నవరం దగ్గర వసిష్ఠ గోదావరి నుంచి చీలే ఆ పేరుగల పాయంటే నాకూ ప్రాణమే. కానీ వైనతేయుడంటే వినత కొడుకు, గరుత్మంతుడు. నదికి ఉన్నంత మాత్రాన అది ఆడపిల్ల పేరు కాదు. రేపు మగపిల్లవాడు పుడితే నిక్షేపంగా పెట్టుకోండి.

వకుళ నాకు ఎంతో నచ్చింది. పొగడపూల పేరు, వేంకటేశ్వరుణ్ణి కన్నకొడుకులా చూసుకున్న తల్లి పేరు. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్న మా చెల్లెలు మురిసిపోతుంది. పాప నక్షత్రం రోహిణి రెండో పాదానికి ‘వా’ కాబట్టి పంతులుగారూ సరేనంటారు. ఆ అక్షరం కలవకపోయినా నేను ఇదే పెట్టమనేదాన్ని. హస్త మూడో పాదానికి ‘ణ’ వస్తుంది. దానితో మొదలయ్యే పేరు ఎక్కడ దొరుకుతుంది? జాతకానికి ఒక పేరు, పిలుపుకు ఒక పేరు పెట్టుకున్నవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు.

ఇక పలకడం. ఈ పేరుకు అందమంతా చివరి ‘ళ’లో ఉంది. ఢిల్లీలో మీ ఇరుగుపొరుగు ‘వకులా’ అంటారు, హిందీవారి నోట ‘ళ’ వినబడదు మరి. వాళ్ళను తప్పుపట్టకండి, మీరు మాత్రం నాలుక మడిచి పలకండి. పిల్ల తన పేరు నేర్చుకునేది మీ నోటి నుంచే. బారసాలకు ముందే ఒకసారి వీధి అరుగు మీద నిలబడి గట్టిగా పిలిచి చూడండి. ఇంటిపేరుతో కలిపి చదవండి. ఫోనులో ఎవరికైనా చెప్పి, ఏమని రాసుకున్నారో అడగండి. ఊళ్ళో పెద్దవాళ్ళు ఎలాగూ వకుళమ్మ అంటారు, అది ఇంకా ముద్దుగా ఉంటుంది.

ఇంగ్లీషులో వి, ఏ, కె, యు, ఎల్, ఏ చాలు. ఎల్ రెండుసార్లు రాసినా ‘ళ’ రాదు, కె పక్కన హెచ్ చేరిస్తే ‘ఖ’ అయి కూర్చుంటుంది. సంఖ్యాశాస్త్రం పేరు చెప్పి అక్షరాలు పెంచమనేవారి మాట వినవద్దు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి రుజువు జనన ధ్రువపత్రమే. అందులో ఏది పడితే అదే వెంట వస్తుంది.

21 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి గానీ, పేరు అప్పుడే రాయించనక్కరలేదు. ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్పించవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ళ వరకూ. కాబట్టి కంగారుపడకండి.

కోడలు పుట్టింట్లో ఉండగానే ఆ పని పూర్తిచేయించండి. తెలుగులో ‘వకుల’ అని పడితే అక్కడికక్కడే దిద్దించండి. సంతకం పెట్టేముందు కాగితం ఫొటో తీసి నాకు పంపండి, నేనూ ఒకసారి చూస్తాను.

మీ పెద్దమ్మ