ఒకే రోజా, ఒకే తేదీయా?

ప్రశ్న: మా పాఠశాల గేటు దగ్గరి నల్లబల్ల మీద ‘చరిత్రలో ఈ రోజు’ అనే శీర్షికతో రోజూ నాలుగు వాక్యాలు తెలుగులోనూ ఒడియాలోనూ పిల్లలతో రాయిస్తుంటాను. అక్టోబరు 2న ఏడో తరగతి అమ్మాయి ‘గాంధీజీ, లాల్ బహదూర్ శాస్త్రి ఒకే రోజున పుట్టారు’ అని రాసింది. తోటి ఉపాధ్యాయుడు ‘వాళ్లేమైనా కవలలా?’ అంటూ చెరిపించారు. నాకు ఆ వాక్యంలో తప్పు కనిపించలేదు. ఎలా రాయాలి? జయంతి, వర్ధంతి, పుట్టినరోజు – వీటిలో ఏది ఎవరికి వాడాలి? ‘ఏప్రిల్ 1, 1936న’ సరైనదా, ‘1936 ఏప్రిల్ 1న’ సరైనదా?
– ఒక ఉపాధ్యాయురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం: అమ్మా, మీ తోటి ఉపాధ్యాయుడి అభ్యంతరం సరైనదే. కానీ చెరిపించే ముందు ఆ అమ్మాయి ఏం చెప్పాలనుకుందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆమె మనసులో ఉన్న వాక్యం ‘ఇద్దరి పుట్టినరోజూ ఒకటే’. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. దాన్నే ‘ఒకే రోజున పుట్టారు’ అని మార్చేసరికి అర్థం చెడింది.

రెండింటిలోనూ ఉన్నది ‘రోజు’ అనే మాటే. పుట్టినరోజులోని రోజు ఏటా తిరిగి వస్తుంది. అందుకే ‘వచ్చే నెల మా పాప పుట్టినరోజు’ అంటాం. ‘పుట్టారు’ అనే క్రియ పక్కన చేరిన రోజు ఒక్కసారి వచ్చి పోయినది. గాంధీజీ పుట్టింది 1869లో, శాస్త్రిగారు పుట్టింది 1904లో. మధ్యలో 35 ఏళ్లున్నాయి. కాబట్టి ‘ఒకే తేదీన పుట్టారు’ అనాలి, లేదా పుట్టినరోజు ఒకటే అనాలి. చార్లెస్ డార్విన్, అబ్రహాం లింకన్ విషయంలో మాత్రం ‘ఒకే రోజున పుట్టారు’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. ఇద్దరూ పుట్టింది 1809 ఫిబ్రవరి 12నే. అమెరికా అధ్యక్షులుగా పనిచేసిన జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ కూడా ఒకే రోజున, 1826 జులై 4న కన్నుమూశారు.

మరి ‘చరిత్రలో ఈ రోజు’ అనే మీ శీర్షిక మాటేమిటి? అది నిక్షేపంగా ఉంది, మార్చవద్దు. ‘ఈ’, ‘ఇదే’ అనేవి ముందు చేరితే ‘రోజు’ క్యాలెండరులోని గడిని చూపిస్తుంది. ‘1863లో ఇదే రోజున గిడుగు రామమూర్తి జన్మించారు’ అంటే ఎవరూ పొరబడరు, సంవత్సరం పక్కనే ఉంది. చిక్కంతా ‘ఒకే’తోనే. అది రెండింటిని కలిపి ఒక్కటి చేస్తుంది.

ఆగస్టు 29న మీ బల్ల మీద గిడుగు పేరు తప్పకుండా ఉండి ఉంటుంది. ఆయన పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిందీ అక్కడి నుంచే. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆ కలపడాన్ని ఒప్పుకోలేక రాజమండ్రికి వెళ్లిపోయారు. చదువుకున్నవాళ్లు మాట్లాడే తెలుగే రాతకూ పనికి రావాలని పోరాడిన మనిషి ఆయన. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టిన తేదీ కూడా అదే కావడంతో ఆ రోజునే జాతీయ క్రీడా దినోత్సవం వస్తుంది. గిడుగు పుట్టిన 1863 ఆగస్టు 29 శనివారం, ధ్యాన్‌చంద్ పుట్టిన 1905 ఆగస్టు 29 మంగళవారం. ‘ఒకే రోజు’ అంటే వారం కూడా కలవాలి కదా! ఇక్కడ కలిసింది తేదీ ఒక్కటే.

తేదీ కలిసినా రోజు కలవని సందర్భం ఇంకొకటుంది. పిల్లలకు అది చాలా నచ్చుతుంది. ఇంగ్లండులో షేక్‌స్పియర్, స్పెయిన్‌లో రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న మరణించారని చెబుతారు. సెర్వాంటెస్ నిజానికి 22న మరణించారని, 23 ఆయనను ఖననం చేసిన తేదీ అని పండితులంటారు. అది పక్కన పెట్టినా రోజు ఒకటి కాదు. స్పెయిన్ అప్పటికే గ్రెగోరియన్ క్యాలెండరుకు మారింది. ఇంగ్లండు ఇంకా పాత జూలియన్ లెక్కలోనే ఉంది. రెండింటికీ అప్పట్లో పది రోజుల తేడా. ఇంగ్లండులో ఏప్రిల్ 23 అయిన రోజు స్పెయిన్‌లో మే 3. తేదీ పేరు, నెల, సంవత్సరం అన్నీ ఒకటే, రోజులు మాత్రం వేరు! ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం కాబట్టి మీ బల్ల మీదికి ఇది ఎలాగూ వస్తుంది. అప్పుడు ‘ఒకే తేదీన మరణించారని చెబుతారు’ అనే రాయించండి.

దీనికి సరిగ్గా తిరగేసిన సంగతి మీ ఊరి గోడల మీదే ఉంది. తెలుగు క్యాలెండరు, ఒడియా పాంజి (పంచాంగం) పక్కపక్కన తగిలించుకున్న ఇంట్లో కృష్ణాష్టమి గడి చూడండి. తెలుగు లెక్కలో అది శ్రావణ బహుళ అష్టమి, ఒడియా లెక్కలో భాద్రపద కృష్ణాష్టమి. మన చాంద్రమాసం అమావాస్యతో ముగుస్తుంది, వారిది పౌర్ణమితో ముగుస్తుంది. కాబట్టి బహుళ పక్షానికి వారు తర్వాతి నెల పేరు పెడతారు. రోజు ఒక్కటే, నెల పేర్లే రెండు. మహారాష్ట్ర సరిహద్దున సిరోంచ వైపు ఉన్న తెలుగువారికి ఈ తికమక లేదు. మరాఠీ మాసాలు మన మాసాల్లాగే అమావాస్యతో ముగుస్తాయి.

‘జయంతి’ మాట కూడా ఆ కృష్ణాష్టమి దగ్గరే మొదలవుతుంది. అష్టమి తిథి, రోహిణి నక్షత్రం కలిసిన కృష్ణుడి పుట్టుక వేళను జయంతి అన్నారు. తర్వాత అది నృసింహ జయంతి, హనుమజ్జయంతి అంటూ ఇతర దేవతలకు, అక్కడి నుంచి మహనీయులకు పాకింది. తిథికి చెందిన మాట గాంధీ జయంతితో తేదీకి మారింది. జీవించి లేని పెద్దలకు జయంతి, బతికి ఉన్నవారికి పుట్టినరోజు లేదా జన్మదినం అన్నది నేడు స్థిరపడిన వాడుక. బతికున్న నాయకుడికి ‘జయంతి శుభాకాంక్షలు’ అని ఫ్లెక్సీలు కట్టడం చూస్తుంటాం. దయచేసి పిల్లలకు అది అలవాటు చేయవద్దు. సంస్థల విషయంలో మాత్రం ఈ పట్టింపు లేదు. నడుస్తున్న పాఠశాలకు రజత జయంతి, స్వర్ణ జయంతి హాయిగా చేసుకోవచ్చు.

‘వర్ధంతి’ కథ ఇంకా విచిత్రం. సంస్కృతంలో ‘వృధ్’ ధాతువుకు పెరగడం అని అర్థం. కన్నడంలో పుట్టినరోజుకు కూడా వర్ధంతి అంటారు. తెలుగులో మాత్రం మరణించిన రోజుకే అది స్థిరపడింది. ధాతువును పట్టుకుని దీన్ని తప్పనేవారితో నేను ఏకీభవించను. వాడుక ఇచ్చిన అర్థమే అర్థం. మరాఠీలో మరణించిన రోజును పుణ్యతిథి అంటారు. తెలుగు వాక్యంలో వర్ధంతి అనే రాయండి. తిథి ప్రకారం ఇంట్లో పెట్టేది తద్దినం, ఆబ్దికం. తేదీ ప్రకారం సభ జరిపేది వర్ధంతి. ఈ తేడా మన వాడుక చక్కగా కాపాడుకుంటోంది. ఏప్రిల్ 26 మీకు మంచి ఉదాహరణ: పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి జయంతి (1892), గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ వర్ధంతి (1920) రెండూ ఆ తేదీనే.

మీరు అడగకపోయినా ఒక మాట. ఒడియాలో ‘దిబస’ అన్నచోటల్లా తెలుగులో ‘దినోత్సవం’ పెట్టేస్తున్నారు. ఒడిశా ఏర్పడిన రోజున జరిపే ఉత్కళ దినోత్సవం బాగుంది, అది వేడుకే. 1959 అక్టోబరు 21న లడఖ్‌లో ప్రాణాలర్పించిన పోలీసులను తలచుకునే రోజుకు ఉత్సవం ఏమిటి? ‘సంస్మరణ దినం’ అనాలి. ఎయిడ్స్‌కు కూడా ఉత్సవం వద్దు, ‘ఎయిడ్స్ దినం’ చాలు.

ఇక తేదీ రాసే పద్ధతి. ‘1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది’ అన్నదే తెలుగు వరుస. మన సంకల్పం వినండి: యుగం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి. పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతాం. ‘ఏప్రిల్ 1, 1936న’ అని రాస్తే ‘న’ సంవత్సరానికి అతుక్కుంటుంది. సంవత్సరానికి తగిన ప్రత్యయం ‘లో’. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 1935లో ఇదే తేదీన రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టింది; బల్ల మీద ఆ వాక్యమూ ఇదే పద్ధతిలో రాయించవచ్చు.

తేదీ, తారీఖు రెండూ మంచివే. ఒడియాలోనూ ‘తారిఖ’ ఉంది కాబట్టి మీవైపు పిల్లలకు తారీఖు దగ్గరగా ఉంటుంది. జీతాల ‘ఒకటో తారీఖు’ తెలుగువారందరి నోటా ఉన్నదే. పుట్టుకతో అరబ్బీ అయిన ఆ మాటకు అక్కడ చరిత్ర అని కూడా అర్థం ఉంది.

పైకి చదివేటప్పుడు ‘6న’ అన్నదాన్ని ‘ఆరున’ అని చదివించండి. అంకె లెక్కగా ఉన్నప్పుడు ‘నాలుగింట మూడు వంతులు’ అంటాం, గడియారం చూసి ‘ఆరింటికి వస్తాను’ అంటాం. తేదీ దగ్గర మాత్రం ఆ ‘ఇంటి’ రాదు. అక్కడ అంకె రోజుకు పేరుగా మారిపోయింది. ‘ఆరున వస్తాను’ అన్నవారి కోసం సాయంత్రం ఎదురుచూడరు, క్యాలెండరు చూస్తారు.