డేటా వేర్‌హౌస్ మొదలుపెడుతున్న మేనకోడలికి

అమ్మలూ,

వేర్‌హౌస్ పని, అంటే రిపోర్టుల కోసం ఏళ్ల డేటా ఒకచోట పేర్చే డేటాబేస్ పని, నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. మీ దుకాణాల బిల్లింగ్ డేటాబేస్‌లోని టేబుళ్లనే తెచ్చి ఇక్కడ పోసేస్తే పోదా అనిపిస్తుంది. వద్దు. అక్కడ ఒక్క బిల్లు చటుక్కున రాయాలి. ఇక్కడ ఏళ్ల తరబడి బిల్లులు ఒకేసారి చదివి కూడాలి. రెండింటికీ పొత్తు కుదరదు.

ముందు ఫ్యాక్ట్ టేబుల్‌లో (అమ్మకాల లెక్కలుండే టేబుల్) ఒక వరుస అంటే ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకో. బిల్లా, బిల్లులో ఒక్కో సరుకా, రోజు మొత్తమా? సరుకు దాకా వెళ్లు. రోజు మొత్తాలే దాచుకుంటే, ‘పాల ప్యాకెట్ కొన్నవాళ్లు ఇంకేం కొంటున్నారు’ అని మేనేజర్ అడిగిన రోజు నోరు వెళ్లబెట్టాల్సిందే. బిల్లు మీద ఇచ్చిన డిస్కౌంట్‌ను సరుకుల వరుసలకు పంచు. ప్రతి వరుసలోనూ మొత్తం డిస్కౌంట్ రాశావో, కూడినప్పుడు లెక్క తడిసి మోపెడవుతుంది.

అసలు చిక్కంతా డైమెన్షన్లలో, అంటే దుకాణం, సరుకు లాంటి వాటి వివరాలుండే టేబుళ్లలో. సిద్దిపేట దుకాణమే తీసుకో. 2016 అక్టోబర్ 11కి ముందు అది మెదక్ జిల్లా, ఆ రోజు నుంచి సిద్దిపేట జిల్లా. స్టోర్ టేబుల్‌లో పాత పేరు చెరిపి కొత్తది రాశావనుకో, 2015 రిపోర్టులో మెదక్ అమ్మకాలు రాత్రికి రాత్రి పడిపోతాయి. ఆడిటర్ ఊరుకుంటాడా? పాత వరుసకు ముగింపు తేదీ పెట్టి, కొత్త సరోగేట్ కీతో (వేర్‌హౌస్ తనకు తానే ఇచ్చుకునే నంబరు) ఇంకో వరుస చేర్చు. పాత అమ్మకాలు పాత కీతోనే ఉంటాయి. డైమెన్షన్ మార్పులను దాచే పద్ధతుల్లో టైప్ 2 అనేది దీన్నే. ‘ఇప్పటి జిల్లాల ప్రకారం పాత లెక్కలు చూపించు’ అనేవాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం ప్రస్తుత జిల్లా అని ఇంకో కాలమ్ పెట్టి, దాన్ని మాత్రం అన్ని వరుసల్లోనూ మార్చు. ఆంధ్రలోనూ 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇది ఒక్కసారితో పోయే గొడవ కాదు.

ఇక వేగం. ఫ్యాక్ట్ టేబుల్‌ను నెలవారీగా పార్టిషన్ చెయ్యి, అంటే నెలకో ముక్కగా విడగొట్టు. అయినా క్వెరీ నత్తనడక నడిస్తే, ఇండెక్సుల మీద పడకుండా క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్ తెరిచి ఎన్ని పార్టిషన్లు చదువుతోందో చూడు. చాలాసార్లు ఎవరో వేర్ క్లాజులో (వరుసలను వడకట్టే షరతులో) తేదీ కాలమ్‌ను ఫంక్షన్‌లో పెట్టి ఉంటారు. ఏ నెలలు వదిలెయ్యొచ్చో ఆ ప్లాన్ వేసే ఆప్టిమైజర్‌కు అంతుపట్టక అన్నీ తిరగేస్తుంది. ‘ఈ తేదీ నుంచి ఆ తేదీ లోపు’ అని రాయించు. పెద్ద లోడ్ అయ్యాక స్టాటిస్టిక్స్ (ఆప్టిమైజర్ అంచనాలకు వాడే టేబుల్ లెక్కలు) తీయడం మరవకు. రోజూ అడిగే నెలవారీ మొత్తాలకు ఒక మెటీరియలైజ్డ్ వ్యూ, అంటే ముందే కూడి దాచిన ఫలితం, పెట్టుకో. అడిగినవాళ్లందరికీ ఒక్కొక్కటి పెట్టకు, రాత్రిళ్లు రిఫ్రెష్ ఆగిపోతే లేచేది నువ్వే.

ఫ్యాక్ట్ టేబుల్‌లో ఒక వరుస అంటే ఏమిటో చెప్పే ఆ ఒక్క వాక్యం రాసి పంపు, చూస్తాను.

నీ మావయ్య