మన ఊరికి గుర్రాల పార్కు కావాలంటే

గుర్రాల పార్కు గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: విదేశాల్లో జనం కోసమే గుర్రాల పార్కులు ఉంటాయని విన్నాం. అవెలా మొదలయ్యాయి? రేస్‌కోర్సుకూ వాటికీ తేడా ఏమిటి? – పాఠకుడు, తిరుపతి

జవాబు: రేస్‌కోర్సులో గుర్రం పరుగెడుతుంది, జనం పందెం కాస్తారు. పార్కులో జనమే గుర్రం ఎక్కుతారు. ఎక్కనివాళ్లు కంచె పక్కన నిలబడి చూస్తారు, వాకింగ్ చేసుకుంటారు. లండన్ హైడ్ పార్కులోని రాటెన్ రో ఇందుకు పాత ఉదాహరణ. రాజు మూడో విలియం కెన్సింగ్టన్‌కు కాపురం మార్చాక, సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌కు పోయిరావడానికి పార్కు మీదుగా ఈ దారి వేయించాడు. దొంగల భయం ఉండటంతో 1690లో 300 నూనె దీపాలు పెట్టించారు. తర్వాత అది గొప్పింటివాళ్ల గుర్రపు షికారుకు అడ్డా అయింది. ఇప్పటికీ అక్కడ గుర్రాలు నడుస్తున్నాయి. అమెరికాలో కెంటకీ రాష్ట్రం 1978లో లెక్సింగ్టన్ దగ్గర దాదాపు 1,200 ఎకరాల్లో హార్స్ పార్క్ తెరిచింది. 2010 ప్రపంచ ఈక్వెస్ట్రియన్ గేమ్స్ (గుర్రపు స్వారీ పోటీలు) జరిగింది అక్కడే.

మన వైపు గుర్రం రాజుల సొత్తు. విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్, అక్కడి రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని రాశాడు. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే కోరమాండల్ తీరం చూసిన మార్కోపోలో ఇంకో సంగతి చెప్పాడు. ఓడల్లో దిగిన గుర్రాల్లో ఎక్కువ భాగం ఏడాది తిరక్కుండానే చచ్చిపోతున్నాయట, లాడం కొట్టడం తెలిసినవాళ్లు లేరట, అన్నంలో మాంసం కలిపి వండి పెడుతున్నారట. ఇవాళ పార్కు కట్టాలనుకునేవాళ్లకు కూడా ఆర్చి, విగ్రహమే ముందు గుర్తుకొస్తాయి. మేత, లాడం సంగతి చివర్న చూద్దామంటారు. ఆ వరస తిరగేస్తే ఖర్చు కలిసొస్తుంది.

ప్రశ్న: మా పంచాయతీలో 30 సెంట్ల ఖాళీ స్థలం ఉంది. స్వారీ మైదానానికి చాలుతుందా? స్వర్ణముఖి ఇసుక తోలిస్తే సరిపోతుందా? – పాఠకుడు, చంద్రగిరి

జవాబు: చాలుతుంది. నేర్చుకునేవాళ్లకు 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు మైదానం కావాలి. అది 800 చదరపు మీటర్లు, అంటే సుమారు 20 సెంట్లు. మిగిలిన 10 సెంట్లలో కొట్టం, నీళ్ల తొట్టి, ఎరువు గుంత పడతాయి. పోటీలకు వాడే 20 × 60 మైదానం వేస్తే స్థలమంతా దానికే పోతుంది, కాబట్టి దాని జోలికి పోవద్దు.

నదీ ఇసుక మాత్రం వద్దు. నీళ్లలో దొర్లి దొర్లి ఆ రేణువులు గుండ్రమవుతాయి. డెక్క పడగానే గోలీల్లా జారిపోతాయి, గుర్రానికి పట్టు దొరకదు. కోణాలున్న రేణువు కావాలి. కడిగిన రోబో ఇసుక పనికొస్తుంది. కడగనిది తెస్తే దుమ్ము లేచి గుర్రానికి దగ్గు పట్టుకుంటుంది.

అయితే ఇసుక కన్నా కింది పొరే ముఖ్యం. పైమట్టి తీసేసి, ఆరంగుళాల మందాన ఎర్ర గ్రావెల్ పరిచి, తడిపి, రోలర్ తొక్కించాలి. వెడల్పు వైపు నూటికి ఒక పాలు వాలు పెట్టాలి, అంటే ఈ అంచుకూ ఆ అంచుకూ 20 సెంటీమీటర్ల తేడా. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి. 2021 నవంబర్‌లో తిరుపతి చుట్టుపక్కల ముంచెత్తిన వరదలు అందరికీ గుర్తే. వాలు లేకపోతే నీళ్లు గ్రావెల్ మీదే నిలుస్తాయి, గ్రావెల్ మెత్తబడి ఇసుకలో కలిసిపోతుంది. ఆ తర్వాత మొత్తం ఎత్తి పోయాల్సిందే, వేరే మార్గం లేదు.

ఇసుక మందం మూడంగుళాలు దాటకూడదు. 800 చదరపు మీటర్లకు 60 ఘనపు మీటర్లు పడుతుంది, మన లెక్కలో 21 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). ‘మెత్తగా ఉంటుంది కదా’ అని ఆరంగుళాలు పోయిస్తే, ప్రతి అడుగుకూ కాలు లాక్కోలేక గుర్రం కాలి స్నాయువులు (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లు) వాచిపోతాయి. కంచె నాలుగున్నర అడుగుల ఎత్తున పైపులతో కట్టండి. ముళ్ల తీగ అసలు వద్దు.

ప్రశ్న: మా ఆవులకు వేసే నేపియర్ గడ్డి, తవుడే గుర్రానికీ పెడుతున్నాం. ఆర్నెల్లుగా ఒకరోజు ఈ కాలు, ఇంకో రోజు ఆ కాలు కుంటుతోంది. ముఖం రెండు వైపులా ఉబ్బింది. ఆవులు మాత్రం బాగున్నాయి. ఎందుకిలా? – పాఠకురాలు, పలమనేరు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది కాల్షియం లోపంలాగే ఉంది. నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ. అవి పేగులో కాల్షియాన్ని పట్టేసుకుని పేడలో బయటికి తీసుకుపోతాయి. ఆవు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ను చాలావరకు విరిచేస్తాయి కాబట్టి ఆవుకు అంత ఇబ్బంది ఉండదు. గుర్రానికి ఆ పొట్టే లేదు. పైగా తవుడులో భాస్వరం చాలా ఎక్కువ. రక్తంలో తగ్గిన కాల్షియం కోసం ఒళ్లు ఎముకల్నే కరిగించుకుంటుంది. దవడ, ముఖం ఎముకలు గుల్లబారి ఆ చోట మెత్తటి కణజాలం పెరుగుతుంది. ముఖం ఉబ్బుగా కనబడేది అందుకే. పళ్లు కదులుతున్నాయేమో చూడండి.

తవుడు ఆపేయండి. నేపియర్‌ను ఒక్కసారిగా కాకుండా పది రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ లూసర్న్, శనక్కాయ కట్టె పెంచండి. రెండింటిలోనూ కాల్షియం బాగా ఉంటుంది. శనక్కాయ కట్టె మన జిల్లాకు వరమే, కాకపోతే వేళ్లకు మట్టి అంటుకుని వస్తుంది. ఆ మట్టి పేగులో చేరి కడుపునొప్పి తెస్తుంది కాబట్టి కట్టను నేలకేసి దులిపి, వేళ్లు కోసేసి వేయండి. నల్ల మచ్చలు, బూజు వాసన ఉంటే పెంటకుప్పలో పారేయండి. 300 కిలోల గుర్రానికి రోజుకు 5 నుంచి 6 కిలోల ఎండుమేత, 30 లీటర్లకు తగ్గకుండా నీళ్లు కావాలి. ఉలవలు పెట్టాలంటే రాత్రి నానబెట్టి, ఉడికించి, రోజుకు కిలో మించకుండా రెండు పూటలకు పంచండి.

కాల్షియం పొడి ఎంత ఇవ్వాలో తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో రక్తం చూపించి అడగండి. తాంబూలం సున్నం కలపొద్దు, నోరు పొక్కుతుంది. కుంటు తగ్గడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఎవర్నీ ఎక్కించొద్దు.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు తగ్గే స్థితి). గుర్రం ఎక్కిస్తే మంచిదంటున్నారు. నిజమేనా? – ఒక తల్లి, తిరుపతి

జవాబు: రోగం పోదు. కానీ నడుం నిలపడానికి, బ్యాలెన్స్‌కు సాయపడొచ్చు. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదిలే తీరు మనిషి నడకలో తుంటి కదిలే తీరుకు దగ్గరగా ఉంటుంది. నడవలేని పిల్లాడి ఒంటికి ఆ కదలిక అందుతుంది. పోలియోతో మోకాళ్ల కింద పట్టు పోయిన డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెస్సేజ్‌లో (గుర్రాన్ని సైగలతో లయగా నడిపించే పోటీ) వెండి పతకం గెలిచాకే ఈ పద్ధతి మీద లోకం దృష్టి పడింది.

ముందు పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు సరేననాలి. మూర్ఛలు అదుపులో లేకపోయినా, తుంటి కీలు జారి ఉన్నా ఎక్కించకూడదు. ఎక్కిస్తే ముగ్గురు మనుషులు తప్పనిసరి. ఒకరు పగ్గం పట్టాలి, ఇద్దరు రెండు పక్కలా పిల్లాడి తొడ మీద చెయ్యి వేసి నడవాలి. హెల్మెట్ ఉండాలి. నడకే తప్ప పరుగు లేదు, 20 నిమిషాలు చాలు. ఎక్కడానికి ర్యాంపు లేని చోటికి వెళ్లకండి. పిల్లాణ్ణి ఎత్తి కూర్చోబెట్టే ఆ క్షణంలో పడిపోయే ప్రమాదం ఉంటుంది.

ప్రశ్న: పక్కనే ఇళ్లున్నాయి. ఆరు గుర్రాల పేడ, ఈగలతో గొడవలు రావా? – పాఠకుడు, పుత్తూరు

జవాబు: రోజూ ఎత్తకపోతే వస్తాయి. ఆరు గుర్రాలకు రోజుకు 80, 90 కిలోల పేడ పడుతుంది. ఎండాకాలంలో ఈగ గుడ్డు వారం, పది రోజుల్లో ఈగవుతుంది. మూడడుగుల ఎత్తున కుప్ప పోసి, తడి ఆరకుండా వారానికోసారి తిరగేయండి. లోపల 55 డిగ్రీల వేడి పుడితే పురుగు గుడ్లు, కలుపు విత్తనాలు చస్తాయి. రెండు మూడు నెలల్లో మామిడి తోటలవాళ్లే వచ్చి అడుగుతారు. పేడలో ధనుర్వాతం క్రిములుంటాయి, పనివాళ్లకు బూట్లు, టీటీ ఇంజెక్షన్ మరవొద్దు.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపుల గుర్రాలను పార్కులోకి రానివ్వొచ్చా? – పాఠకుడు, చిత్తూరు

జవాబు: రానివ్వాలనే మా మాట. ఊళ్లో గుర్రాన్ని ఎరిగినవాళ్లు వాళ్లే, పెళ్లిళ్ల సీజన్ అయిపోతే వాళ్లకు పనుండదు. అయితే ముందు గ్లాండర్స్ (గుర్రాలకు వచ్చే ఒక అంటురోగం) రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకూ సోకుతుంది, పశువుల అంటువ్యాధుల నివారణకు వచ్చిన 2009 చట్టం ప్రకారం కనబడితే అధికారులకు తెలపాల్సిన జబ్బు. కొత్త గుర్రాన్ని మూడు వారాలు విడిగా కట్టేసి, దానికి వేరే బకెట్, వేరే బ్రష్ పెట్టండి. డప్పులకు, టపాసులకు అలవాటుపడ్డ గుర్రం పిల్లల అరుపులకు బెదరదు, అదొక లాభం. నోట్లో ముళ్ల కళ్లెం ఉంటే మాత్రం తీయించి మామూలు నున్నటి కళ్లెం వేయించండి.