ట్రైలర్ హిచ్‌కు స్టెయిన్‌లెస్ బోల్టులు సరిపోతాయా?

కావలి దగ్గర రొయ్యల చెరువుల మధ్య తిరిగే పికప్‌కు హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) బిగిస్తున్నామనీ, ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ బోల్టులు మేలేమో అనీ అడిగారు. తుప్పు భయం న్యాయమైనదే. కానీ ఇక్కడ ముందు చూడాల్సింది బలం.

బోల్టు తలమీద అంకెలు చూడండి. 8.8 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు 640 న్యూటన్ల వరకు సాగిపోకుండా తట్టుకుంటుంది. దుకాణాల్లో దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ 450 దగ్గరే లొంగిపోతుంది. 4.6 రకమైతే 240 మాత్రమే. దాన్ని హిచ్‌కు వాడనే వాడకండి. కాబట్టి జింకు పూత వేసిన 8.8 తీసుకోండి. హిచ్‌తో వచ్చిన కాగితంలో 10.9 అని ఉంటే అదే వాడాలి.

చాలామంది బోల్టే బరువు లాగుతుందనుకుంటారు. నిజానికి బోల్టు బిగువుకు ఛాసిస్, హిచ్ పలకలు ఒకదానికొకటి గట్టిగా అదుముకుంటాయి. ఆ రాపిడే లాగుడును మోస్తుంది. బిగువు తగ్గితే పలకలు జారి, రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి, చివరికి బోల్టు తెగుతుంది. అందుకే పలకల మధ్య మందపాటి రంగు, తారు పూత గీకేయండి. గట్టి వాషర్లు, 8.8 బోల్టుకు సరిపడే 8వ తరగతి నట్లు వేసి, ఎంత బిగువుగా తిప్పుతున్నామో కొలిచే టార్క్ రెంచితోనే బిగించండి. కాగితంలో వేరే అంకె లేకపోతే 12 మి.మీ. 8.8 బోల్టుకు సుమారు 80 న్యూటన్ మీటర్లు. వంద కిలోమీటర్లు తిరిగాక తప్పకుండా మళ్లీ సరిచూడండి. లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు వాడితే, ఒకసారి విప్పాక దాన్ని తిరిగి వాడకండి.