సిద్దెలో నూనె

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాప్తిస్మం తీసుకుని ఏడాది తిరక్కుండానే ఇంత భయం పట్టుకుందేమిటా అని మనసుకు కష్టమేసింది. "పెద్దమ్మా, ప్రభువు ఈ రాత్రే వస్తే నేను సిద్ధంగా ఉన్నానో లేదో తెలియడం లేదు. రాకడ గురించిన ప్రసంగాలు విని విని నిద్ర పట్టడం లేదు" అని రాశావు. నలభై ఏళ్లకు పైగా విశ్వాసంలో నడిచినదాన్ని. తెలిసిందేదో చెబుతాను, విను.

ముందు మత్తయి సువార్త 25వ అధ్యాయం తీసి పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోడానికి దివిటీలు పట్టుకుని బయల్దేరిన పదిమంది కన్యకల ఉపమానం నెమ్మదిగా చదువు. అందులో ఒక మాటను మనం తరచుగా దాటేస్తాం. పెండ్లికుమారుడు ఆలస్యం చేసేసరికి వాళ్లందరూ కునికి నిద్రపోయారు. బుద్ధిలేని ఐదుగురే కాదు, బుద్ధిగలవాళ్లూ పడుకున్నారు. అందుకు వాళ్లనెవరూ తప్పుపట్టలేదు. దివిటీలు కూడా పదిమంది చేతుల్లోనూ ఉన్నాయి. తేడా అంతా సిద్దెలో, అంటే నూనె పోసుకునే చిన్న పాత్రలో ఉంది. ఐదుగురు పొద్దుండగానే నూనె పోసి పెట్టుకున్నారు, అర్ధరాత్రి పెండ్లికుమారుడు వస్తున్నాడన్న కేక వినబడగానే లేచి దివిటీ చక్కబెట్టుకున్నారు. మిగతా ఐదుగురు అప్పుడు నూనె అడిగినా దొరకలేదు. మెలకువగా ఉండమని ప్రభువు చెప్పింది అలాంటి మెలకువ గురించే అని నా నమ్మకం. కాబట్టి రాత్రి హాయిగా పడుకో తల్లీ. చెయ్యాల్సింది పగలు చెయ్యి.

తేదీలు లెక్కగట్టేవాళ్ల మాట చెవిన పెట్టకు. అమెరికాలో విలియం మిల్లర్ బోధ వెంట నడిచిన వేలమంది 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని కనిపెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు గడిచిపోయింది, ఆయన రాలేదు. ఎంతోమంది గుండె పగిలి వెనక్కి వెళ్లిపోయారు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని ప్రభువే చెప్పాక మనకీ లెక్కలెందుకు? అపొస్తలుడైన పౌలు కాలంలో థెస్సలొనీక అనే ఊరి సంఘంలోనూ ప్రభువు దినం వచ్చేసిందన్న మాటకి కొందరు కలవరపడ్డారు. ఆ సంఘంలోనే పనీపాటా మానేసి ఊరికే తిరిగేవాళ్లకి, నెమ్మదిగా పని చేసుకుని సొంత ఆహారం తినమని పౌలు గట్టిగా రాశాడు.

మరి నూనె అంటే ఏమిటని అడుగుతావు. ఒకరు పరిశుద్ధాత్మ అంటారు, ఒకరు విశ్వాసమంటారు, ఒకరు సత్క్రియలంటారు. ప్రభువు విడమరిచి చెప్పలేదు, నేనూ పట్టుబట్టను. కానీ అది అర్ధరాత్రి అప్పు పుట్టే వస్తువు కాదు. అమ్మ ప్రార్థనాపరురాలైనా, కాపరిగారు ఎంత భక్తిపరులైనా, వాళ్ల సిద్దెలోది నీ దివిటీలోకి ఒంపలేరు.

విశ్వాసమా క్రియలా అన్న వాదన నీ చెవినా పడే ఉంటుంది. విశ్వాసం వల్లనే రక్షణ అని బోధించిన సంస్కర్త మార్టిన్ లూథర్ 1522లో ప్రచురించిన కొత్త నిబంధన ముందుమాటలో, క్రియలు లేని విశ్వాసం మృతమనే యాకోబు పత్రికను గడ్డిపరకతో పోల్చాడు. అదే మనిషి, నిజమైన విశ్వాసం మేలు చెయ్యకుండా ఉండలేదని కూడా రాశాడు. కృపచేతనే నీతిమంతులుగా తీర్చబడతామని, ఆ కృపే మనల్ని సత్క్రియలకు పిలుస్తుందని లూథరన్ సంఘాలూ కతోలిక సంఘమూ కలిసి 1999లో సంతకాలు చేశాయి. నాకైతే ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం చాలు. 8, 9 వచనాలు క్రియల వల్ల రక్షణ రాదంటాయి, వెంటనే పదో వచనం సత్క్రియలు చెయ్యడానికే మనం సృష్టించబడ్డామంటుంది. ఎవరూ పదో వచనం దగ్గర ఆగరు, అదే నా బాధ.

నేనూ చాలా ఏళ్లు ఆగలేదు. ఒకసారి మంచం పట్టిన ఒక సోదరిని చూడ్డానికి వెళ్లాను. తల దగ్గర కూర్చుని, కళ్లు మూసుకుని, అరగంట కన్నీళ్లతో ప్రార్థన చేశాను. లేచి వస్తుంటే వాళ్ల చిన్నపిల్ల గుమ్మం దాకా వచ్చి, "అమ్మ కింద దుప్పటి పొద్దుటినుంచి తడిగానే ఉందండీ, నాకు ఒక్కదానికి తిప్పడం రావట్లేదు" అంది. ఆ అరగంటా నా మోకాలికి తగులుతూనే ఉంది ఆ దుప్పటి అంచు. వెనక్కి వెళ్లి ఇద్దరం కలిసి ఆమెను పక్కకు ఒత్తిగిల్లబెట్టి, దుప్పటి మార్చి, ఒళ్లు తుడిచాం. ఆమె నా చెయ్యి పట్టుకుంది. అంతసేపు ప్రార్థించినా పట్టుకోని చెయ్యి. సమాధానంగా వెళ్లు, చలి కాచుకో అని చెప్పి పంపేవాళ్ల గురించి యాకోబు రాసిన మాట ఆ రోజు నాకు అర్థమైంది.

అలాగని ప్రార్థన తగ్గించకు. పొద్దున్నే ఫోను ముట్టుకోకముందే ఒక కీర్తన చదువు, వారానికొకటైనా కంఠతా పెట్టు. మా ఆయన పోయిన రాత్రి బైబిలు తెరిచే స్థితిలో లేను. చిన్నప్పుడు నేర్చుకున్న 23వ కీర్తన దానంతటదే నోటికి వచ్చింది. ఎవరితోనైనా మాట పడితే పొద్దుగుంకక ముందే వెళ్లి కలుపుకో, ఇది అన్నిటికన్నా కష్టం. ఇచ్చింది రాసి పెట్టుకోకు. అదే మత్తయి 25లో గొర్రెల్నీ మేకల్నీ వేరుచేసినట్టు మనుషుల్ని వేరుచేసే తీర్పులో, అక్కరలో ఉన్నవాళ్లకి సాయం చేసి కుడివైపున్నవాళ్లు "ప్రభువా, నిన్ను ఎప్పుడు చూశాం?" అని అడిగారు చూశావా, చేసిన మేలు వాళ్ల లెక్కలోనే లేదు.

యొప్పే అనే ఊళ్లో తబిత అనే శిష్యురాలు చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు పేతురుకి చూపించారు. ఆవిడ ఏం ప్రకటించిందో అపొస్తలుల కార్యాల్లో ఒక్క ముక్క లేదు.

నీ ఉత్తరం చివర ఒక్క వరుసలో రాశావు, భర్త పోయిన సోదరి మూడు ఆదివారాలుగా మందిరానికి రావడం లేదని. రేపు సాయంత్రం ఆవిడ దగ్గరికి వెళ్లు. వాక్యం చెప్పాలన్న తొందరేం లేదు, ముందు ఇల్లూ ఆవిడ ముఖమూ చూడు. ఏం కనబడిందో నాకు రాయి.

ప్రేమతో,
నీ పెద్దమ్మ