ట్రెండ్‌ల టెన్షన్‌లో ఉన్న అమ్మాయికి

తల్లీ,

రాత్రి ఒంటిగంటకు నువ్వు పంపిన మెసేజ్ పొద్దున్నే చూశాను. నీ మొక్కల బ్లాగు కోసం నాలుగు యాప్‌ల నోటిఫికేషన్లు ఆన్‌లో పెట్టుకున్నా, ఏది ట్రెండ్ అవుతోందో అందరూ రాసేశాకే నీకు తెలుస్తోందని బాధపడ్డావు. ఆ కాస్త మెసేజ్‌లో టెన్షన్ అన్న మాట మూడుసార్లు ఉంది. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ట్రెండ్ అనే ఒక్క మాటతో నువ్వు మూడు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నావు. రెండు రోజులు ఊపేసి మూడో రోజుకు జాడ లేకుండా పోయేది ఒకటి. ఏటా అదే కాలానికి తిరిగొచ్చేది ఇంకొకటి. జనం వెతికే పద్ధతి, చదివే పద్ధతీ మెల్లగా మారిపోవడం మూడోది. నీ నిద్ర చెడగొడుతున్నది మొదటిది. నీ బ్లాగును నిలబెట్టేది మాత్రం రెండోది.

మొదటిదాని రుచి నేనూ చూశాను. ఒక యాప్ మూతపడబోతోందని ఓ సాయంత్రం స్క్రీన్‌షాట్ ఒకటి తెగ తిరిగింది. అరగంటలో పోస్ట్ రాసి పడేశాను. ఆ ఏడాదంతా రానంత మంది ఆ ఒక్క రాత్రి వచ్చారు. తెల్లారేసరికి తేలిందేమిటంటే, ఆ స్క్రీన్‌షాట్ ఎవరో కూర్చుని తయారుచేసింది. సవరణ రాశాను గానీ దాన్ని చదివినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వచ్చిన ఆ జనంలో ఒక్కరు కూడా మళ్లీ నా వైపు రాలేదు. వైరల్ అవుతున్నదాని మీద నువ్వు రాయాలనుకుంటే, అది మొదట ఎక్కడ, ఏ తేదీన పుట్టిందో కనిపెట్టు. ఫొటో అయితే ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూడు, పాతది కొత్తగా తిరుగుతూ ఉండొచ్చు. ఆ తర్వాత కూడా నీ మొక్కల పాఠకులకు దానితో పనేమిటి అన్న ప్రశ్నకు జవాబు దొరక్కపోతే వదిలెయ్.

ఇక రెండోది. దీన్ని పట్టుకోవడానికి, ఏ మాటను జనం ఎప్పుడు ఎక్కువగా వెతికారో గీత గీసి చూపించే గూగుల్ ట్రెండ్స్ చాలు, డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేదు. కాకపోతే దాన్ని చదవడం రావాలి. అందులో కనిపించే 100 అంటే వందమంది వెతికారని కాదు. నువ్వు ఎంచుకున్న కాలంలో ఆ మాటను జనం ఎక్కువగా వెతికిన సమయానికి 100 ఇచ్చి, మిగతా వాటిని దాంతో పోల్చి చూపిస్తారు. 50 అంటే అందులో సగం. కాబట్టి చిన్న మాటకూ 100 ఉంటుంది, పెద్ద మాటకూ 100 ఉంటుంది. ఒక్క మాటే పెట్టి చూస్తే ఏది ఎంతో తెలియదు. నీకు ఇప్పటికే మంచి ట్రాఫిక్ తెస్తున్న పోస్ట్ ఏదైనా ఉంటే, దాని మాటను పక్కన పెట్టి పోల్చు. అప్పుడు కొత్త మాట బరువెంతో కళ్లకు కడుతుంది. కింద సంబంధిత వెతుకులాటల జాబితాలో ఏ మాట పక్కనైనా "బ్రేక్అవుట్" అని కనబడితే గంతులెయ్యకు. పెరుగుదల 5,000 శాతం దాటితే ఆ ముద్ర వేస్తారు. అంతకుముందు ఎవరూ వెతకని మాట అయితే, కొద్దిమంది వెతికినా ఆ శాతం వచ్చేస్తుంది.

కాలాన్ని ఐదేళ్లకు మార్చి చూడు, అసలు సంగతి అక్కడ ఉంది. కొన్ని మాటలు ఏటా ఒకే నెలలో దువ్వెన పళ్లలా లేస్తాయి. వాటికి పోస్ట్‌లు ఆ నెలలో రాస్తే ఆలస్యమే. సెర్చ్ ఇంజన్ నీ పేజీని కనుక్కోవాలి, చదవాలి, ఓ చోట నిలబెట్టాలి. నేనైతే ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే పెట్టేస్తాను. ఇంకో మాట. ఏటా కొత్త పోస్ట్ రాయకు. పాతదాన్నే తెరిచి, తప్పులు దిద్ది, కొత్త ఫొటోలు చేర్చి, అదే లింకు మీద ఉంచు. లింకులో సంవత్సరం అంకె పెట్టకు. నేను పెట్టి, ప్రతి జనవరిలో పాత లింకులను కొత్తవాటికి దారి మళ్లిస్తూ కూర్చున్నాను.

ఇంతకంటే దగ్గర దారి నీ సెర్చ్ కన్సోల్, అంటే జనం గూగుల్‌లో ఏం వెతికితే నీ బ్లాగు కనబడిందో చూపించే గూగుల్ టూల్. అది నీ ఒక్కదాని ట్రెండ్ పట్టిక అనుకో. గత 28 రోజులను అంతకుముందు 28 రోజులతో పోల్చి, కొత్తగా ఏ ప్రశ్నలు వచ్చాయో చూడు. ఇంప్రెషన్లు, అంటే ఫలితాల్లో నీ పేజీ కనబడిన సార్లు, వందల్లో ఉండి, క్లిక్కులు ఒకటో రెండో ఉన్న ప్రశ్నలుంటాయి. జనం అడుగుతున్నారు, గూగుల్ నిన్ను చూపిస్తోంది, నీ పేజీలో మాత్రం సూటి జవాబు లేదని అర్థం. లేదా శీర్షిక వాళ్ల మాటల్లో లేదు. మనవాళ్లు తెలుగు ప్రశ్నను చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, ఒకే మాటకు నాలుగైదు స్పెల్లింగులు. విసుక్కోకుండా చదువు. వాళ్లు ఏ మాట వాడతారో, మనం పుస్తకాల నుంచి ఏ మాట తెచ్చుకుంటామో ఆ తేడా అక్కడే దొరుకుతుంది. ఈ వివరాలు 16 నెలల వరకే ఉంటాయి కనుక ఏడాదికోసారి దింపుకుని దాచుకో.

రోజూ వచ్చే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం ఇదివరకెప్పుడూ చూడనివేనని గూగుల్ ఏళ్లుగా చెబుతోంది. జనం వెతికే మాటలను ఏరిపెట్టే ఏ కీవర్డ్ టూల్‌లోనూ అవి ఉండవు. నీ కామెంట్లలో, నీకొచ్చే మెయిళ్లలో ఉంటాయి. "ఆకు అంచు మాత్రమే ఎండుతోంది, నీళ్లు బాగానే పోస్తున్నా" అని ఎవరో అడిగారు చూడు, అలాంటివి. నువ్వు దానికి లవ్ సింబల్ పెట్టి వదిలేశావు!

సోషల్ మీడియా లెక్క వేరు. సెర్చ్‌లో వచ్చేవాడు అవసరంతో వస్తాడు, ఫీడ్‌లో కనబడేవాడు ఏదో చూస్తూ పోతూ కాసేపు ఆగుతాడు. అక్కడ లైకుల కంటే ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్నది చూడు. దాచుకున్న రీల్ ఏదైతే ఉందో, దాన్నే పెద్ద పోస్ట్‌గా రాయి. వాళ్లూ వీళ్లూ వాడుతున్న పాట, హ్యాష్‌ట్యాగ్ నీకు నప్పితే వాడుకో, లేదంటే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టవుతుంది.

మూడో రకం మార్పులు ఏడాదికి ఒకటో రెండో. నేను మొదలుపెట్టిన కొత్తల్లో మెటా కీవర్డ్స్ అని, పాఠకులకు కనబడకుండా పేజీ కోడ్‌లో ఉండే డబ్బాలో మాటలు కుక్కితే సెర్చ్‌లో పైకి వస్తామనుకునేవాళ్లం. ర్యాంకింగ్‌కు దాన్ని తాను వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. నేను ఇంకో రెండేళ్లు కుక్కాను, ఎవరూ చెప్పలేదని కాదు, చదవలేదు. 2018 జనవరిలో స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకే ముందు చోటని ఫేస్‌బుక్ ప్రకటించింది. పేజీలనే నమ్ముకున్నవాళ్ల రీచ్ పడిపోయింది. 2024 మే నుంచి గూగుల్ ఏఐ సారాంశాలు సెర్చ్ పేజీలోనే జవాబు చెప్పేయడం మొదలుపెట్టాయి. "ఫలానా మొక్కకు ఎన్నాళ్లకోసారి నీళ్లు" లాంటి ఒక్క వాక్యపు జవాబుల కోసం నీ దాకా వచ్చేవాళ్లు తగ్గుతారు. నువ్వు చంపేసిన మొక్క ఫొటోతో సహా, ఎక్కడ పొరపడ్డావో రాస్తే దానికోసం వస్తారు.

కోర్ అప్‌డేట్, అంటే గూగుల్ తన ర్యాంకింగ్ పద్ధతిలో చేసే పెద్ద మార్పు, వచ్చిందని ఎవరైనా గగ్గోలు పెడితే, గూగుల్ సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డ్‌లో మొదలైన తేదీ, ముగిసిన తేదీ చూడు. అది ముగిశాక కనీసం ఓ వారం ఆగు. అప్పటిదాకా ఏ పోస్టూ చెరపకు, శీర్షికలు మార్చకు.

వీటన్నిటికీ వారానికి రెండు అరగంటలు చాలు. ఒకటి సెర్చ్ కన్సోల్‌కు, ఒకటి మిగతావాటికి. నువ్వు నమ్మే పది పదిహేను సైట్లను ఆర్‌ఎస్‌ఎస్ రీడర్‌లో పెట్టుకో, వాటిలో వచ్చే కొత్త పోస్టులన్నీ ఒకేచోట కనబడతాయి. 2013లో గూగుల్ తన ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ అయిన గూగుల్ రీడర్‌ను మూసేసినప్పుడు ఆర్‌ఎస్‌ఎస్ చచ్చిపోయిందన్నారు, నేను ఈ ఉదయం కూడా అందులోనే చదివాను.

ఆకులు పసుపెక్కడం మీద నీ పోస్ట్ కొన్నాళ్లుగా గూగుల్ సెర్చ్‌లో పన్నెండో స్థానంలోనే ఉందన్నావు కదా. దాని ప్రశ్నల పట్టిక శనివారంలోగా పంపు, కలిసి చూద్దాం. నోటిఫికేషన్లు మాత్రం ఇప్పుడే ఆపెయ్. ఆపావో లేదో మీ అమ్మను అడుగుతాను.

మీ పెదనాన్న