తమ్ముడి మాట నమ్మాలా, సెంటర్ వాళ్ళ మాట నమ్మాలా?

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం జిల్లాలో ఒక ఊరు, పెళ్ళయ్యాక నేను హైదరాబాద్‌లో ఉంటున్నా. మా తమ్ముడికి 26 ఏళ్ళు, మూడేళ్ళ కింద బైపోలార్ (ఉత్సాహం, దిగులు విపరీతంగా మారిపోయే మానసిక జబ్బు) అని చెప్పారు. మందులు మానేస్తే సంక్రాంతి ముందు బాగా తిరగబెట్టింది, నిద్ర లేదు, టీవీ పగలగొట్టాడు, నాన్న మీద చెయ్యి చేసుకున్నాడు. ఎవరో చెప్తే నాన్న సిటీ బయట ఒక ప్రైవేట్ సెంటర్‌లో చేర్పించారు, నెలకి పాతిక వేలు. ఫోన్ ఇవ్వలేదు, మమ్మల్ని రావొద్దన్నారు. 52వ రోజు గొడవపడి వెళ్తే గుండు కొట్టించి ఉన్నారు, మణికట్ల దగ్గర కమిలిన గీతలు, చేతులు వణుకుతున్నాయి, చొంగ కారుతోంది. "రాత్రిళ్ళు మంచానికి కట్టేస్తారక్కా, ఎదురు మాట్లాడితే రూములో పెట్టి తాళమేస్తారు, బాత్రూములు కడిగిస్తారు, నా చొక్కా ఒకటి తెచ్చిపెట్టు" అన్నాడు. మేనేజర్‌ని అడిగితే నవ్వి "పేషెంట్లంతా ఇలాగే చెప్తారమ్మా" అన్నాడు. నాన్నదీ అదే మాట, ఇంకో ఆర్నెల్లు ఉండనీ అంటున్నారు. మా అత్తగారింట్లో ఈ విషయం తెలీదు. ఆదివారం మళ్ళీ వెళ్తున్నా, ఏం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా, బైపోలార్ బాగా ముదిరినప్పుడు లేనివి ఉన్నట్టు అనిపించడం ఉంటుంది, కాదనను. కానీ జబ్బు వచ్చి మణికట్టు మీద తాడు గీతలు గీయదు కదా, గుండు కూడా దానంతటది అవదు. ఆ రెండూ మీ కళ్ళకే కనపడ్డాయి, కాబట్టి అతను చెప్పినవి కూడా నిజమేమో అని కనుక్కోవాల్సిన పని మీది, "పేషెంట్లంతా ఇలాగే చెప్తారు" అన్నది జవాబే కాదు. పదిమంది పేషెంట్లు ఒకే మాట చెప్తుంటే దాని అర్థం ఏంటో ఆ మేనేజర్ ఎప్పుడైనా ఆలోచించాడా అని నాకు డౌటు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అని 2017లో వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది. ప్రైవేట్ సెంటర్‌కైనా గవర్నమెంట్ ఆసుపత్రికైనా తాగుడు మాన్పించే సెంటర్లకైనా అదే వర్తిస్తుంది. మీ తమ్ముడు చెప్పినవి దాదాపు అన్నీ అందులో పేరుపేరునా రాసున్నాయి. బలవంతంగా గుండు కొట్టించకూడదు. తన బట్టలు తను వేసుకుంటానంటే వేసుకోనివ్వాలి. పని బలవంతంగా చేయించకూడదు, ఇష్టపడి చేస్తే తగ్గ డబ్బు ఇవ్వాలి. సెంటర్ టైమింగ్స్ ప్రకారం ఫోన్ చేసుకునే హక్కు, మనుషుల్ని కలిసే హక్కు ఉంది, వద్దనుకుంటే కలవకుండా ఉండే హక్కు కూడా అతనిదే. ఒంటరిగా గదిలో పెట్టి తాళమెయ్యడం మాత్రం పూర్తిగా నిషేధం, శిక్ష అన్నా సరే, మంచికోసమే అన్నా సరే.

కట్టెయ్యడం సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇక్కడే ఇంటివాళ్ళని మభ్యపెడతారు. గొలుసుతో కట్టడం ఏ రూపంలోనూ కుదరదు. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక హోమ్‌లో మంటలు లేస్తే గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేక 28 మంది చచ్చిపోయారు, సుప్రీంకోర్టు తనంతట తనే ఆ కేసు తీసుకుంది, నాకు ఇప్పటికీ గొలుసు అన్న మాట వింటే అదే గుర్తొస్తుంది. ఇక గుడ్డతోనో బెల్టుతోనో కాసేపు కదలకుండా ఆపడం అనేది ఒక్కోసారి నిజంగానే అవసరం పడుతుంది, తల గోడకేసి కొట్టుకుంటున్న మనిషిని ఆపాలి కదా. అప్పుడైనా ఇంకో దారి లేకపోతేనే, సైకియాట్రిస్ట్ ఒప్పుకుంటేనే, అవసరమైనంత సేపే, ఎందుకు కట్టారో ఎంతసేపు కట్టారో కేస్ షీటులో రాయాలి, కట్టిన ప్రతిసారీ 24 గంటల్లోపు పేషెంట్ తరఫు ప్రతినిధికి కబురు చెయ్యాలి. శిక్షగా కట్టకూడదు, స్టాఫ్ తక్కువున్నారని అస్సలు కట్టకూడదు. రోజూ రాత్రే కడుతున్నారు అంటే నాకు అర్థమయ్యేది ఒకటే, నైట్ డ్యూటీకి మనుషులు లేరు. నేను కొత్తలో ఒకచోట పనిచేసినప్పుడు చూశా, నలభై మందికి రాత్రి ఒకే ఒక్క వార్డ్ బాయ్, తాడు ఎందుకు వాడేవాళ్ళో ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. అప్పుడు నేను కూడా నోరెత్తలేదు, అదీ చెప్పుకోవాలి.

ఇంకోటి, మీరు 52 రోజులు అని లెక్క రాయడం చాలా మంచిదైంది. తనంతట తను చేరని మనిషిని ఇంటివాళ్ళ దరఖాస్తు మీద చేర్చుకోవాలంటే సైకియాట్రిస్ట్ ఒకరు, ఇంకో డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో ఒకరు, విడివిడిగా చూసి అవసరమే అని రాయాలి, అది కూడా 30 రోజుల వరకే. ఆ తర్వాత ఉంచాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు మళ్ళీ చూడాలి, విషయం మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి (పేషెంట్ల హక్కులు, ఫిర్యాదులు చూడటానికి ఈ చట్టం కింద పెట్టిన బోర్డు) వెళ్ళాలి, బోర్డు ఒప్పుకోవాలి. మీ నాన్నగారు డబ్బు కట్టినంత మాత్రాన "ఇంకో ఆర్నెల్లు" అనేది కుదరదు. ఆదివారం మీరు అడగాల్సిన మొదటి కాగితం ఇదే, 30వ రోజు తర్వాత ఏ కాగితం మీద మా తమ్ముణ్ణి ఉంచారు అని. గొంతు పెంచకుండా అడగండి. మొహం చూస్తే సగం తెలిసిపోతుంది.

అక్కడే గోడల వైపు కూడా చూడండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అందరికీ కనపడేలా పెట్టాలి, రివ్యూ బోర్డు అడ్రసు, ఫోన్ నంబర్లు కూడా రాసిపెట్టాలి, బోర్డుకి పెట్టుకునే ఫారాలు అడిగితే ఇవ్వాలి. ఇవేవీ లేకపోతే ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి (వేరే పేషెంట్ల మొహాలు పడకుండా). తమ్ముడు ఒప్పుకుంటే అతని చేతుల ఫొటో కూడా తీసి తేదీతో దాచండి.

ఇప్పుడు ఆ వణుకు, చొంగ. నేను డాక్టర్‌ని కాదు కాబట్టి ఇది అని చెప్పను, కానీ హాలోపెరిడాల్ లాంటి మందులు డోసు ఎక్కువైతే ఒళ్ళు బిగుసుకోవడం, వణుకు, చొంగ రావడం మామూలుగా చూసేవే, డోసు మార్చో ఇంకో టాబ్లెట్ ఇచ్చో తగ్గిస్తారు. లిథియం (బైపోలార్‌కి వాడే మందు) ఇస్తున్నారేమో కనుక్కోండి, ఇస్తుంటే రక్తంలో లెవెల్ ఎప్పుడు చూశారో రిపోర్టు అడగండి, ఎందుకంటే అది కొంచెం ఎక్కువైనా విషంలా పనిచేస్తుంది, వణుకుతోపాటు వాంతులు విరేచనాలు తూలడం ఉంటే ఆదివారం దాకా కూడా ఆగొద్దు. తన రికార్డులు చూసే హక్కు తమ్ముడికుంది. ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, కోపంతో మందులన్నీ ఒకేసారి ఆపించెయ్యకండి, మీ ఇంట్లో టీవీ పగిలింది మందులు మానడం వల్లే కదా. సెంటర్ చెడ్డదైనంత మాత్రాన మందు చెడ్డది కాదు.

నాన్నగారి మీద మీకు కోపం ఉన్నట్టు మీ ఉత్తరంలో కనపడుతోంది. వద్దమ్మా. ఈ వయసులో కొడుకు చేతిలో దెబ్బ తిన్న మనిషి ఆయన, ఆ భయం ఉత్తది కాదు, పైగా తలుపేసుకుని పడుకోవాల్సొచ్చింది సొంత కొడుకుని చూసి అన్న సిగ్గు కూడా ఉంటుంది. కాబట్టి ఆయనతో "వాణ్ణి ఇంటికి తెద్దాం" అని మొదలుపెట్టకండి, అక్కడే మాట తెగిపోతుంది. ఆ సెంటర్ నుంచి తీసి ఇంకో ఆసుపత్రికి మారుద్దాం అనండి. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ వార్డులుంటాయి, చాలాచోట్ల ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండొచ్చు, ఎర్రగడ్డలో గవర్నమెంట్ మానసిక ఆసుపత్రి ఎలాగూ ఉంది. గవర్నమెంట్‌దంటే అంతా బాగుంటుందని కూడా అనుకోకండి, దేశంలోని 46 ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల పరిస్థితి దయనీయంగా ఉందని జాతీయ మానవ హక్కుల కమిషనే 2023 జనవరిలో అన్నది. ఎక్కడ చేర్చినా ఇవే ప్రశ్నలు అడగాలి. కొన్నాళ్ళు అక్కడుండి మందు కుదిరాక ఇంటికి, తర్వాత నెలనెలా చూపించడం, మళ్ళీ రెండు రాత్రులు వరసగా నిద్రపోకపోతే మూడో రోజే డాక్టర్ దగ్గరికి, ఇది ముందే తమ్ముడితో కూర్చుని మాట్లాడుకుని రాసుకోండి. నాన్నకి ఆ కాగితం కావాలి, ధైర్యం చెప్పే మాటలు కాదు. రాత్రిపూట ఏం చెయ్యాలో తోచకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చెయ్యండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

సెంటర్ వాళ్ళు అడ్డం తిరిగితే ముందు అక్కడి ఇన్‌చార్జికే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ పైన రివ్యూ బోర్డు. ఆలస్యమవుతోంది అనిపిస్తే జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, 15100 నంబర్, ఇలాంటి కేసులకి లాయర్‌ని ఫీజు లేకుండా ఇస్తారు. ఒంటి మీద కొత్త దెబ్బలు కనపడితే ఇవేవీ వరసగా చూసుకోకండి, 100కి చెయ్యండి.

అత్తగారింట్లో చెప్పాలా వద్దా అనేది ఈ వారం పని కాదు, మీ ఆయనకి మాత్రం చెప్పండి, ఆదివారం మీరు ఒక్కరే వెళ్ళకూడదు.

ఇక వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి. తెల్ల కాగితాలు నాలుగు. తమ్ముడు తనకి ఎవరు ప్రతినిధిగా ఉండాలో తనే రాసిచ్చుకోవచ్చు, స్టాంపు పేపర్ అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు, "మా అక్క నా తరఫున ఉంటుంది" అని మామూలు కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, కింద మీకిష్టమేనని మీరు రాసివ్వండి, అప్పుడు డిశ్చార్జ్ మాటలు మీతోనే మాట్లాడాలి, నాన్నతో కాదు. ఈ సంగతి నాన్నకి ముందే చెప్పి వెళ్ళండి, వెనకాల తెలిస్తే బాధపడతారు. ముందు తమ్ముణ్ణి అడగండి కూడా, అతను వద్దంటే వద్దు. చొక్కా ఎలాగూ తీసుకెళ్తారు, తన దగ్గరే ఉంచమని చెప్పండి, స్టాఫ్ తీసుకుని లోపల పెట్టెయ్యకుండా. ఆ చేతుల వణుక్కి పెన్ను పట్టుకోలేడేమో, చట్టంలో వేలిముద్ర కూడా చెల్లుతుంది, ఇంక్ ప్యాడ్ ఒకటి కొని బ్యాగులో వేస్కోండి.